మేకల దారికి నాలుగు దేశాల ఒప్పుదల

మా ఊరు ఆళ్లగడ్డకు ఆటో దూరం. ఊరి వెనక ఒక గుట్ట, గుట్టకు అవతల ఒక కుంట. మేకలైనా గొర్రెలైనా ఆ గుట్ట వాలు మీదుగానే మేసుకుంటూ కుంటకు పోయి, నీళ్లు తాగి, పొద్దుగూకేలోపల ఇల్లు చేరతాయి. ఇప్పుడు ఆ వాలంతా సోలార్ పలకలు పెడతారట. పెట్టుకోనీ. ఎండ మాకు కావలసినదానికంటే ఎక్కువే ఉంది, ఎవరు తీసుకున్నా మాకేం తరగదు. కానీ పలకల చుట్టూ కంచె వేస్తారు. కంచె పడితే దారి పోతుంది. దారి పోతే మంద తార్రోడ్డు ఎక్కి లారీల మధ్య చుట్టు తిరిగి కుంటకు చేరాలి. అట్లా ఒక ఎండాకాలం తిప్పామంటే ఊర్లో మంద మిగలదు. అమ్ముకోవడమే.

కంపెనీ మనుషులను అడిగితే ఆఫీసర్లను అడగమన్నారు. ఆఫీసర్లను అడిగితే, "ఇది ఒక్క మన దేశం కట్టేది కాదమ్మా, నాలుగు దేశాలు కలిసి కడుతున్నాయి. ఆ దేశాలవాళ్లు నంద్యాలలో కూర్చుని మాట్లాడుకుంటారు. గుట్ట పక్క ఊళ్లకు కూడా పిలుపు ఉంటుంది, అప్పుడు వచ్చి చెప్పుకోండి" అన్నారు. చెప్పినట్టే పిలుపు వచ్చింది. ఊరికి ఇద్దరే రావాలన్నారు. గొర్రెలవాళ్ల తరఫున ఓబులేసును పెట్టారు. ఊర్లో అందరికంటే పెద్ద మంద అతనిది. మేకలున్నది మాత్రం సెంటు భూమి లేనివాళ్లకు, ఇంటికి మూడో నాలుగో. వాళ్ల తరఫున నన్ను పొమ్మన్నారు. నా నోరు పెద్దదని అందరికీ తెలుసు.

పొద్దున ఏడుకు ఆటో ఎక్కాం. ఆళ్లగడ్డ బస్టాండులో ఏడున్నర బస్సు దొరికింది. నేను యాభై దాటాక మా పాస్టరమ్మ దగ్గర అక్షరాలు నేర్చుకున్నదాన్ని. బస్సు బోర్డు ఎవరినీ అడక్కుండా చదువుకుని ఎక్కడం నాకు ఇప్పటికీ సరదానే. ఆడవాళ్లకు బస్సు ఉచితం కాబట్టి ఆధార్ కార్డు చూపించి సున్నా టికెట్ తీసుకున్నాను. ఓబులేసు దుడ్లు తీసి ఇస్తూ నా టికెట్ వైపు ఓరగా చూశాడు.

"ఒకే బస్సు, ఒకే ఊరికి పోతాండాం. నీకు సున్నా, నాకు ఇంతనా మార్తక్కా?"

"మీసం తీసేసి చీర కట్టుకో. కండక్టరమ్మ ఒప్పుకుంటే నీకూ సున్నానే."

కండక్టరమ్మ నవ్వింది కానీ అతని డబ్బు తీసుకునే పోయింది.

ఈ దారిలో పోయేవాళ్లు కుడివైపు కిటికీ పట్టుకోండి. దూరంగా నల్లమల కొండలు నంద్యాల దాకా మనతోనే వస్తాయి. కాలువ నీళ్లు పారే చోట వరి పచ్చగా ఉంటుంది, నీళ్లు అందని చోట నేల నల్లగా బీటలు వారి ఉంటుంది. శిరివెళ్లలో బస్సు కాసేపు ఆగింది. అక్కడ ఎక్కిన ఎరువుల అంగడి ఆయన ఓబులేసు పక్కన కూర్చుని, యాడికి, ఎందుకు అని అంతా కూపీ లాగాడు. విని పెద్దగా నవ్వాడు.

"నాలుగు దేశాలోళ్లు కూచోని మీ మేకల మాట వింటారా? వాళ్ల పంచాయితీ వాళ్లకే తెగదప్పా."

"తెగకపోతే మనమే తెంపొద్దాం లే," అన్నాడు ఓబులేసు. గొంతులో ధైర్యం ఉంది కానీ ఆ తరవాత నంద్యాల దాకా పిలుపు కాగితం జేబులోంచి తీయడం, మళ్లీ పెట్టుకోవడమే అతని పని. నేనేమో, ఆయన అన్నది నిజమైతే ఇద్దరం ఊర్లోకి ఏ మొహం పెట్టుకుని పోవాలని ఆలోచిస్తున్నాను.

తొమ్మిది కాకముందే నంద్యాలలో దిగాం. పిలుపు పదింటికి. బస్టాండు బయట బండి దగ్గర బొరుగుల ఉగ్గాని, మిరపకాయ బజ్జీ తిన్నాం. నంద్యాల వచ్చి ఉగ్గాని తినకుండా పోయేవాళ్ల సంగతి నాకు తెలియదు, నేను మాత్రం పోను. బజ్జీలు వేడిగా ఉంటే ఇంకో నాలుగు పొట్లం కట్టించుకున్నాను. పెద్ద హోటళ్లలో తిండి ఎప్పుడు పెడతారో నమ్మకం లేదు.

సభ పెట్టిన హోటల్‌కు ఆటోలో పది నిమిషాలు పట్టింది. లోపల ఒకటే చలి. హాలు మధ్యలో పెద్ద బల్ల, దాని మీద చిన్న చిన్న జెండాలు. మాలాంటివాళ్లకు గోడ వారగా ప్లాస్టిక్ కుర్చీలు వేశారు. నా మోకాళ్లకు ప్లాస్టిక్ కుర్చీ పడదు. బల్ల దగ్గర మెత్తటి కుర్చీ ఒకటి ఖాళీగా కనిపిస్తే పోయి కూర్చున్నాను. ఎదురుగా ఉన్న జెండా మీద కాళ్లున్న పాములాంటి బొమ్మ ఉంది. బాగుందే అని చూస్తుండగా ఒక అమ్మాయి పరుగెత్తుకుంటూ వచ్చింది. పేరు శైలజ, కర్నూలు పిల్ల. తెలుగువాళ్ల మాట బయటివాళ్లకు, వాళ్ల మాట మాకు చెప్పడం ఆమె పని.

"అవ్వా, అది భూటాన్ కుర్చీ. లేవాల నువ్వు."

"భూటాన్ యాడ? కనపడ్డం లేదే. వస్తే లేస్తాలే."

భూటాన్ నా వెనకే నిలబడి ఉన్నాడు. యాభై ఏళ్లుంటాయి. మోకాళ్ల దాకా గౌనులాంటి గీతల బట్ట, కింద పొడుగాటి మేజోళ్లు. లేవబోతే వద్దని చెయ్యి ఊపి, తనే ఒక ప్లాస్టిక్ కుర్చీ లాక్కుని నా పక్కన కూర్చున్నాడు. మర్యాద చేసిన మనిషికి ఏమైనా పెట్టాలి కదా. పొట్లం విప్పి బజ్జీ ఇచ్చాను. మిరపకాయ, కారం అని శైలజ చేత చెప్పించాను. ఆయన ఒకటి తిని రెండోది తీసుకున్నాడు. వాళ్ల దేశంలో మిరపకాయలు కూరలో వేయరట, మిరపకాయలనే కూర వండుతారట. నాలుగూ ఆయనే తిన్నాడు.

సభ మొదలైంది. పెద్ద కుర్చీలో ఢిల్లీ నుంచి వచ్చిన మన ఆఫీసర్. ఒకవైపు నేపాల్ నుంచి ఒక ఆమె, ఆమెకు ఎదురుగా బంగ్లాదేశ్ ఆయన, ఈ పక్క నేనూ భూటానూ. శైలజ మా వెనక కూర్చుని చెవిలో చెబుతూ ఉంది.

"అవ్వా, నాలుగు దేశాలూ ఒక మాట అనుకున్నాయి. ఇన్నేళ్లలో మా కరెంటులో ఇంత భాగం బొగ్గు కాల్చకుండా, ఎండతో, గాలితో, నీళ్లతోనే తీస్తామని. ఎవరి వంతు వాళ్లకుంది, అందరికీ కలిపి ఉమ్మడి లెక్క ఒకటుంది. మీ గుట్ట మీద పుట్టే కరెంటు ఎవరి వంతులో రాసుకోవాలా అని ఇప్పుడు పేచీ."

"అందరూ రాసుకుంటే పోలేదా?"

"ఒకే బిందెను నలుగురూ నాది నాది అని లెక్కబెడితే ఇంట్లో నాలుగు బిందెల నీళ్లు ఉంటాయా?"

అట్లా చెప్తే నాకు అర్థమైంది. బంగ్లాదేశ్ ఆయన, మాకు ఖాళీ నేల లేదు, ఉన్నదంతా వరి, నీళ్లు, అందుకే మీ నేల మీద మా పెట్టుబడి పెడుతున్నాం, మా వంతులో రాయకపోతే మాకేం లాభం అన్నాడు. నేల మాది, తీగలు మావి, ఎండ మాది అన్నాడు ఢిల్లీ ఆఫీసర్. వానాకాలం మా నదుల కరెంటు మీకిస్తాం, నదులు తగ్గినప్పుడు మీ ఎండ కరెంటు మాకు రావాలి, ఇచ్చినదానికి ఎదురు లెక్క రాయాలి అంది నేపాల్ ఆమె. గంటన్నర ఇదే. ఒకరి మాట ఒకరు తోసెయ్యడం లేదు, పొగిడి పొగిడి పక్కన పెడుతున్నారు. మా ఊరి రచ్చలో అయితే ఈపాటికి ఒకరి జుట్టు ఒకరి చేతిలో ఉండేది.

పన్నెండప్పుడు ఊళ్లవాళ్లు మాట్లాడవచ్చన్నారు. నేను లేచి దారి సంగతి ఎత్తాను. ఢిల్లీ ఆఫీసర్ మర్యాదగానే ఆపాడు. దారి మూడో అంశమట. మొదటిది తెగకుండా మూడోదానికి పోరట.

"అయితే మొదటిది బేగా తెంచండి సారూ. ఆళ్లగడ్డలో మా ఊరి ఆఖరి ఆటో ఎనిమిదికే పోతాది," అన్నాను.

శైలజ దాన్ని యథాతథంగా చెప్పినట్టుంది, అందరూ నవ్వారు. లేచిన దాన్ని ఊరికే కూర్చోవడం ఎందుకని మా ముయ్యి సంగతి చెప్పాను. మా వైపు కూలి లేకుండా పనికి పని బదులు పెట్టుకుంటాం. ఈ రోజు నేను నీ చేనిలో కలుపు తీస్తే, రేపు నువ్వు నా చేనిలో తీయాలి. దాన్నే ముయ్యి అంటాం. పంట ఎవరిదని కొట్లాట ఉండదు, రోజుకు రోజు తీరిందా లేదా అన్నదే చూస్తాం. మీరూ అట్లా చేసుకోండి అన్నాను.

నేపాల్ ఆమె బల్ల మీద చెయ్యి వేసి ముందుకు వంగింది. మా కొండల్లోనూ ఉంది, మేం పర్మ అంటాం అని సంబరంగా చెప్పింది. పని అయిపోయింది, దేశాలు ఒక దారికి వచ్చాయి అనుకున్నాను. అప్పుడు బంగ్లాదేశ్ ఆయన ఒక్క మాట అడిగాడు: "ఒకరు ఒట్టి చేతులతో వస్తారు, ఇంకొకరు ఎద్దులతో వస్తారు. ఎద్దుల రోజుకు బదులు ఎన్ని మనుషుల రోజులు?"

"రెండు," అన్నాను.

గోడ వారన ఓబులేసు లేచాడు. "ఏందక్కా రెండు? మూడు!"

"మీ నాయన కాలంలో మూడు. ఎద్దులు బక్కవైనాక రెండే."

"నా ఎద్దులు బక్కవా? పోయిన శనగలప్పుడు నీ చెల్లెలి చేను దున్నింది ఎవరి ఎద్దులు? మూడు రోజులు తీరనే లేదు!"

"అరపూటలో నాగలి విప్పుకోని పోతివి. దానికి మూడు రోజులా?"

దేశాలు అన్నీ మమ్మల్నే చూస్తున్నాయి. శైలజ చెవిలో చెప్పడం మానేసి, గట్టిగా, చేతులు తిప్పుతూ ఇద్దరి తరఫునా చెబుతూ ఉంది. నా మాట వల్ల వాళ్ల పేచీ తీరిందని నేను చెప్పను. ఇంకా పెరిగింది. వానాకాలం నది కరెంటు ఒక యూనిటుకు మధ్యాహ్నం ఎండ కరెంటు ఎన్ని యూనిట్లు, సాయంత్రం అందరూ దీపాలు వేసుకునేటప్పుడు ఇచ్చే యూనిటు విలువ ఎంత అని కొత్తగా మొదలుపెట్టారు. ఎద్దుల మాట ఎత్తి ఉండకూడదు అనుకున్నాను.

ఒకటిన్నరకు భోజనం. అందరికీ ఒకే వరస, ఎవరి పళ్లెం వాళ్లే పట్టుకుని నిలబడి తినాలి. నా మోకాళ్లు చూసి భూటాన్ ఆయన నాకు అన్నం, పప్పు, కోడికూర వేయించి తెచ్చాడు. "రేపు నేను మా దేశానికి పోతే, నా కుర్చీలో ఎవరు కూర్చున్నారని అడుగుతారు," అన్నాడట. ఆళ్లగడ్డ మార్తమ్మ కూర్చుంది, కుర్చీ బాగా చూసుకుంది అని చెప్పమన్నాను.

భోజనం తరవాత గంట కూర్చున్నారు, తెగలేదు. నాలుగింటికి టీ ఇచ్చారు. బల్ల దగ్గర తెగనిది వసారాలో తెగింది. కప్పులు పట్టుకుని ఢిల్లీ ఆయన, బంగ్లాదేశ్ ఆయన కిటికీ దగ్గర నిలబడ్డారు. నేపాల్ ఆమె వెళ్లి కలిసింది, తరవాత భూటాన్. లోపలికి వచ్చి శైలజ చెప్పింది: పెట్టుబడి పెట్టినవాళ్లకు సగం, నేల ఇచ్చినవాళ్లకు సగం రాసుకుంటారు. ఒకరు రాసిన యూనిటు ఇంకొకరు రాయకూడదు. నది కరెంటుకూ ఎండ కరెంటుకూ మార్పిడి ధర ఏటా కూర్చుని కొత్తగా తేల్చుకుంటారు. ఎద్దుల రోజు రెండా మూడా అన్నది మేం కూడా ఏటా కొత్తగానే పోట్లాడుకుంటాం. అందుకని నాకు ఆ పద్ధతి సబబుగానే తోచింది.

మొదటిదాంతోపాటు రెండోదీ తెగి, నాలుగున్నర దాటాక మూడో అంశం వచ్చింది. గోడ మీద తెరపై మా గుట్ట బొమ్మ వేశారు. కంచె ఎర్ర గీత. ఆ గీతకు లోపలే మా దారి. దారి పోతే ఏమవుతుందో చెప్పాను. వినలేదని చెప్పలేను, నలుగురూ విన్నారు. నేపాల్ ఆమె మొదట అడిగింది: "మందలో మేకలా, గొర్రెలా?"

"రెండూ," అన్నాను.

"గొర్రెలు సరే. మేకలు పలకలు ఎక్కుతాయి."

"మా మేకలు ఎక్కవు."

గోడ వారన ఓబులేసు పైకప్పు వైపు చూశాడు. నేపాల్ ఆమె పగలబడి నవ్వింది. మా అమ్మ కూడా ఇట్లానే చెప్పేది, ఆమె చెబుతుంటే మా మేక ఇంటి కప్పు మీద నిలబడి ఉండేది అంది. కొండల్లో పుట్టిన మనిషి దగ్గర మేకల గురించి అబద్ధమాడాను, నాదే పొరపాటు.

ఇంజనీరు ఒకాయన తన వైపు మాట చెప్పాడు. పలకల కింద గడ్డి పెరిగి, ఎండాకాలం ఎండిపోయి అంటుకుంటుంది. గొర్రెలు వచ్చి మేస్తే వాళ్లకూ మేలే. అయితే ఊరివాళ్లు వంతులు వేసుకుని ప్రతి పొద్దునా గొర్రెలను తోలాలి, గడ్డి నిలిచిందంటే గేటు మూస్తారు. దీనికి ఒప్పుకుంటే గొర్రెలకు లోపలి దారి ఇస్తాం, మేకలకు లేదు అన్నారు. ఓబులేసు ఆనందంగా తల ఊపేశాడు. గొర్రెలను కుడివైపు, మేకలను ఎడమవైపు నిలబెట్టే రోజు ఒకటి వస్తుందని చర్చిలో వింటూనే ఉన్నాను. అది నంద్యాల హోటల్లో వస్తుందని మాత్రం అనుకోలేదు.

"ఊరికి ఫోన్ చేసి అడుగుదామా?" అని శైలజ చెవిలో అంది.

"ఫోన్ చేస్తే ఊరంతా ఒకేసారి మాట్లాడతారు. తెల్లారుతుంది."

లేచి తెర దగ్గరికి పోయి ఎర్ర గీత పక్కన వేలు పెట్టాను. "లోపలికి వద్దంటే సరే. ఈ పక్క కంచెను ఒక బండి పట్టేంత లోపలికి జరపండి. నా మేకలు మీ పలకలు చూడకుండా బయటబయటనే కుంటకు పోతాయి. గొర్రెలకు దారిచ్చి మేకలకు లేదంటే, ఉన్నోళ్లకు ఇచ్చి లేనోళ్లకు మూసినట్టు. ఆ మాట పట్టుకోని నేను ఊర్లోకి పోలేను."

ఇంజనీరు లెక్క వేసి, ఒక వరస పలకలు తీసెయ్యాల్సి వస్తుందన్నాడు. బంగ్లాదేశ్ ఆయన కళ్లద్దాలు పైకి తోసుకుని అడిగాడు: "ఆ వరస ఎవరి వంతులోంచి పోవాలి?"

పొద్దుటి పేచీ మళ్లీ బల్ల మీదికి వచ్చి కూర్చుంది. ఢిల్లీ ఆయన గడియారం చూసుకున్నాడు. నేపాల్ ఆమె కాగితాల వైపు చూసింది. ఇంత దూరం వచ్చి ఒక్క వరస దగ్గర పోతుందా అనుకున్నాను.

నా పక్క ప్లాస్టిక్ కుర్చీలోంచి భూటాన్ ఆయన నెమ్మదిగా ఏదో అన్నాడు. శైలజ వెంటనే చెప్పలేదు, ఆయనను ఇంకోసారి అడిగి తరవాత చెప్పింది.

"మా వంతులోంచి తీయమంటున్నాడు అవ్వా. వాళ్లది పశువులు తోలుకునే దేశమంట. పశువుల దారి మూసి వచ్చినానని ఇంటికాడ చెప్పుకోలేడంట. వాళ్లకు నదుల కరెంటు ఉందంట, ఆ వరస లోటు దాంట్లో పూడ్చుకుంటారంట."

ఎవరూ చప్పట్లు కొట్టలేదు. ఢిల్లీ ఆయన రాసుకోమని పక్కాయనతో చెప్పాడు. బంగ్లాదేశ్ ఆయన తల ఊపాడు. తెర మీద ఎర్ర గీత కొంచెం లోపలికి జరిగింది. నేను ఆ గీతనే చూస్తూ నిలబడ్డాను. భూటాన్ ఆయన రెండు చేతులు పట్టుకుని ఊపాను. ఆయన ఏదో అంటే, ఆ బజ్జీలు ఎక్కడ దొరుకుతాయని అడుగుతున్నాడని శైలజ చెప్పింది. బస్టాండు బయట బండి అని గుర్తులు చెప్పి వచ్చాను.

ఆరు దాటాక ఆళ్లగడ్డ బస్సు దొరికింది. ఆ వేళ నిలబడే పోవాలి, పెద్దదాన్నని ఎవరో సీటు ఇచ్చారు. నంద్యాలలో రాత్రి ఉండాల్సిన పని లేదు, ఒక్క రోజులో పోయి రావచ్చు. మీ ఊరి గుట్ట మీదో మిట్ట మీదో ఇట్లాంటిది కడతారని తెలిస్తే, సభకు పిలిచినప్పుడు తప్పకుండా పొండి. గోడ వారనే కూర్చోబెడతారు. అయినా పొండి. పెద్ద పెద్ద దేశాలు మాట్లాడుకుంటుంటే మనకేం తెలుస్తుందిలే అని నేనూ భయపడ్డాను. అక్కడ జరిగింది చూస్తే, వాళ్లూ మనలాగే నా వంతు ఎంత, నీ వంతు ఎంత అని రోజంతా పీకులాడుకుని, టీ తాగి, సర్దుకున్నారు. మా దారి ఏ కాగితంలోనూ లేదు, పోయి అడిగితే వచ్చింది.

శిరివెళ్ల దాటాక నా పక్క సీటు ఖాళీ అయితే ఓబులేసు వచ్చి కూర్చున్నాడు. మంచి ఊపు మీదున్నాడు.

"ఎంతైనా గొర్రె గొర్రెనే అక్కా. మర్యాదగా గేటు తీసి లోపలికి పిలిచినారు. నీ మేకలు చూడు, బయట కంచె పట్టుకోని పోవాల."

"ఔ, పోతాయి."

"ప్రతి పొద్దునా పచ్చగడ్డి. పలకల కింద నీడ కూడా."

"ఔ, ప్రతి పొద్దునా. వానొచ్చినా, పండగొచ్చినా. వంతు తప్పితే గేటు మూస్తారని చెప్పినారు గదా, నువ్వేగదా తలకాయ ఊపింది."

బస్సు దీపాలు వేశారు.

"అంటే అక్కా, నా గొర్రెలు పొద్దున్నే లేసి వాళ్ల పనికి పోవాలనా?"

"ముయ్యికి పోతాండాయి."

"మరి నీ మేకలు?"

"వాటికేం పని ఒప్పుకోలేదు నేను. ఎప్పుడు బుద్ధి పుడితే అప్పుడు లేసి, కుంటకు పోయి నీళ్లు తాగి వస్తాయి."

ముందు సీట్లో ఒక ఆమె కిసుక్కున నవ్వింది. ఓబులేసు తువ్వాలు తీసి మొహం తుడుచుకుని, కిటికీ వైపు తిరిగాడు. ఆళ్లగడ్డ వచ్చేదాకా లోపల ఏదో లెక్క వేసుకుంటూనే ఉన్నాడు. బస్సు దిగి ఆటో వైపు నడుస్తుంటే అడిగాడు.

"మేకపిల్లలు ఏమన్నా అమ్ముతావా మార్తక్కా?"